గుండీలక్క వంతు

మా పక్క వాటాలో పదకొండేళ్ళు ఉన్న ఆవిడని వీధిలో అందరూ గుండీలక్క అనేవారు. చొక్కాలు కుట్టే కార్ఖానా నుంచి మూట తెచ్చుకుని, ఇంట్లో తొక్కుడు మిషను మీద కాజాలు కుట్టి, చేత్తో గుండీలు వేసి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి అప్పజెప్పి వచ్చేది. కూలి డజను లెక్కన. చొక్కా చిరిగినా ఆవిడ కుట్టిన గుండీ ఊడదని దర్జీలే చెప్పుకునేవారు. అలా మెచ్చుకున్నవాళ్ళలో కూలి పెంచినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆమె భర్త ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రి. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు పైకి లాగి, దిమ్మలు జార్చి, గోనెపట్టాలు కప్పి బండ్లకెక్కించే పని. మనిషి ఇంటికొచ్చినా చొక్కాలోంచి అమ్మోనియా వాసన వదిలేది కాదు. చేతివేళ్ళు ఎప్పుడూ పగిలే ఉండేవి. ఆ ఫ్యాక్టరీ ఏడాదికి ఏడు నెలలే నడుస్తుంది. ఎండలు తగ్గగానే తాళం పడుతుంది. మిగతా ఐదు నెలలూ ఆయన గోడలకి సున్నం వేసేవాడు, బస్తాలు మోసేవాడు, ఒక్కోవారం ఏ పనీ దొరక్క గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసేవాడు.

ఫ్యాక్టరీ మూసే రోజున యజమాని, ఏడు నెలల జీతంలో పట్టి ఉంచిన భాగాన్ని ఒక్కసారిగా ఇచ్చేవాడు. వాళ్ళింట్లో కొత్త ఏడాది మొదలయ్యేది ఆ రోజునే. తర్వాతి ఆదివారం నలుగురూ చాప మీద కూర్చునేవారు. నలుగురంటే ఆలుమగలూ, ఆయన తల్లీ, ఒక్కగానొక్క కూతురూ. అద్దె, బడి ఫీజు, గ్యాసు, ముసలావిడ మందులు, సరుకులు, అన్నీ విడివిడిగా పక్కన పెట్టాక చివర్న కొంచెం మిగిలేది. దాంతో ఆ ఏడాదికి ఒక్కరికి ఒక్క వస్తువు. దాన్ని వాళ్ళు వంతు అనేవారు. ఒక ఏడాది మేస్త్రికి కళ్ళజోడు వచ్చింది. ఒక ఏడాది అమ్మాయికి పాత సైకిలు వచ్చింది. ఇంకో ఏడాది ముసలావిడకి పళ్ళసెట్టు కట్టించారు. ఆవిడ దాన్ని గ్లాసులో నీళ్ళుపోసి భద్రంగా పెట్టుకుని, ఎవరైనా వస్తేనే పెట్టుకునేది. "రోజూ వాడితే అరిగిపోదూ," అని నాతోనే అంది ఒకసారి.

గుండీలక్క వంతు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ పోయింది. మొదటిసారి కప్పు మీది రేకు గాలికి లేచిపోయింది. రెండోసారి అమ్మాయికి కామెర్లు. మూడోసారి ఏమైందో ఆమెకే గుర్తులేదు. ఏదో అయింది, అంతే.

ఆ ఇల్లు ఎలా నడిచేదో గోడ ఇవతల ఉన్న నాకు బాగా తెలుసు. పళ్ళపేస్టు ట్యూబు అయిపోయాక కత్తెరతో నిలువునా కోసి ఇంకో నాలుగు రోజులు లాగేవారు. సబ్బు ముక్కలు పాత మేజోడులో వేసి ముడివేసి దాంతోనే ఒళ్ళు రుద్దుకునేవారు. పాల ప్యాకెట్టు కడిగిన నీళ్ళు టీలోకి వెళ్ళేవి. రెండు గదులకీ కలిపి ఒకటే బల్బు. అమ్మాయి చదువుకునేటప్పుడు ముందు గదిలో, వంటప్పుడు వెనక గదిలో. పాత నోటుపుస్తకాల్లో రాయని కాగితాలన్నీ చింపి, గుండీలదారంతోనే కుట్టి కొత్త పుస్తకం చేసేది గుండీలక్క. అమ్మాయి బడి లంగా అంచుని ఏటా ఒక మడత విప్పుతూ వచ్చింది. పాత మడతల గీతలు దాని మీద వరసగా కనపడేవి. జ్వరం వస్తే మూడోరోజు దాకా డాక్టరు మాట ఎత్తకూడదు. గ్యాసు సిలిండరు పెట్టిన తేదీ దాని మెడ మీదే సుద్దతో రాసి ఉండేది. రెండు నెలల పదిరోజులకి ఒక్కరోజు ముందు అయిపోయినా ఆ పూట ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు.

ఇదంతా గుండీలక్క ఒక్కతే మోసింది. ఆమె గయ్యాళి కాదు, పిసినారీ కాదు. గట్టిగా కసిరి ఎరగదు. ఏదైనా అడిగితే ఒక్క క్షణం ఆగి, కళ్ళు కొంచెం పైకెత్తి, లోపలెక్కడో కూడికలూ తీసివేతలూ చేసుకుని, "చూద్దాం లే," అనేది. అమ్మాయి ఆ చూపు చూడలేక అడగడమే మానేసింది. పద్నాలుగేళ్ళకే మానేసింది. తనని ఎక్కువ బాధపెట్టింది అదేనని గుండీలక్క తర్వాత నాకు చెప్పింది.

ఒకరోజు నేను సరుకుల కొట్టుకి వెళ్ళేసరికి ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు టీపొడి పొట్లాలు. ఒకటి కాస్త చవక, ఇంకొకటి కాస్త ఎక్కువరోజులు వస్తుంది. వెనక నలుగురు ఉన్నారు. కొట్టతను ఏది కావాలని అడిగాడు. ఆమె ఈ చేతివంక చూసింది, ఆ చేతివంక చూసింది. అతను మళ్ళీ అడిగాడు. ఆమె రెండూ బల్ల మీద పెట్టేసి, పక్కనున్న ఉల్లిపాయల బస్తా మీద కూర్చుండిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు చప్పుడు లేదు. మొహంలో మార్పు కూడా లేదు. కొట్టతను కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు. నేను చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారిలో ఆమె ఒక్కటే మాట అంది.

"ఏమీ కాలేదు వదినగారూ. ఏది తీసుకోవాలో తెలియలేదు, అంతే."

ఈ సంగతి నేనే మేస్త్రికి చెప్పాను. ఆయన చాలాసేపు తలవంచుకుని అరచేతిలో పగుళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండువారాలకే ఫ్యాక్టరీ మూసేశారు. ఆదివారం చాప పరిచారు. వాళ్ళ రుబ్బురోట్లో పప్పు రుబ్బుకుందామని వెళ్ళినదాన్ని నేనూ గుమ్మంలోనే ఆగిపోయాను. అన్నీ పక్కన పెట్టాక మేస్త్రి, ఈ ఏడాది రేకు ఎగిరినా గోడ కూలినా సరే, వంతు మీ అమ్మదేనని కూతురితో చెప్పాడు. ఏం కావాలో తేల్చుకోవడం ఒక్కటే మిగిలింది. కుట్టుమిషనుకి మోటారు పెట్టిస్తే కాళ్ళకి శ్రమ తగ్గుతుందని ఆయన. నడుంనొప్పి మనిషి కదా, మంచం కొనుక్కోమని అత్తగారు. మంచి చెప్పులు కొనుక్కో అమ్మా అని అమ్మాయి. గుండీలక్క అందరి మాటలూ విన్నది. ఆ పైకి చూసే చూపు మాత్రం ఈసారి రాలేదు.

"నాకు వస్తువు వద్దండీ," అంది మెల్లిగా.

"మళ్ళీ మొదలెట్టావా? ఈసారి వద్దంటే కుదరదు."

"వంతు వద్దనట్లేదు. వస్తువు వద్దంటున్నా. ఈ ఏడాది లెక్క మీరు చూడండి. డబ్బు మీ దగ్గరే పెట్టుకోండి. ఏం కొనాలో, ఎంతలో కొనాలో, ఎప్పుడు కొనాలో నన్ను అడగొద్దు. కాజాలు కుడతాను, వంట చేస్తాను, ఉన్నదాంతోనే చేస్తాను. ఇది కొననా, అది మాననా అని అనుకోవడం మాత్రం నావల్ల కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే. కలలో కూడా అదే. బుర్ర అరిగిపోయింది నాకు."

ముసలావిడ, ఇదేం కోరికే అమ్మాయ్, మోటారే నయం కదా అంది. మేస్త్రి డబ్బు చేతిలోకి తీసుకున్నాడు. దిమ్మలు ఎత్తే మనిషి, ఆ నోట్ల కట్టని రెండు చేతులతో పట్టుకోవడం చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మొదటి రెండు నెలలూ ఆ ఇంట్లో పండగలా ఉంది. రెండో గదికి కూడా బల్బు వచ్చింది. కొట్లో ధర అడగకుండా సరుకు తీసుకునే మనిషి దొరికినందుకు కొట్టతను ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. వారానికోసారి అరటిపళ్ళు కనిపించేవి. ముసలావిడ పళ్ళసెట్టు మామూలు రోజుల్లో కూడా నోట్లోకి ఎక్కింది. గుండీలక్క ఆ అరటిపళ్ళు తింటూ ఏమీ అనేది కాదు. ఒకసారి ఆయన కొత్త గొడుగు కొనుక్కొచ్చాడు. పాతదానికి ఒక్క చువ్వే విరిగింది. ఆమె దాన్ని విప్పి చూసి, మళ్ళీ మూసి, మేకుకి తగిలించి, మూట ముందేసుకుని కూర్చుంది. నోటి చివరిదాకా వచ్చిన మాటని దారంతోపాటు కొరికేసిందని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఆమె మధ్యాహ్నాలు నిద్రపోయేది. అన్నేళ్ళలో నేను ఎన్నడూ చూడని సంగతి అది. గుండీల డబ్బా పక్కన చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా పడుకునేది. లేచాక కాసేపు ఎక్కడున్నదీ తెలియనట్టు చూసేది.

మూడోనెలలో వానలు పట్టుకున్నాయి. సున్నం పని ఆగిపోయింది. గ్యాసు నెలాపదిహేను రోజులకే ఖాళీ అయింది. అప్పటికి గాని మేస్త్రికి ఆ సుద్దరాతలు ఎందుకో తెలిసిరాలేదు. అరటిపళ్ళు ఆగాయి. రెండో బల్బు తీసి అటకమీద పెట్టారు. ఆయన కొట్లో ధరలు అడగడం మొదలెట్టాడు. కొట్టతను టీ ఇప్పించడం మానేశాడు. ఆదివారాలు కూతుర్ని కూర్చోబెట్టుకుని కాగితం మీద ఏవో రాసి కొట్టేసేవాడు. అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు. ఆ పిల్ల సరుకులపని తనమీద వేసుకుంది. ఇంత చిన్న వయసులో ఎందుకే నీకీ తలనొప్పి అని నేనంటే, అమ్మకి తలనొప్పి తగ్గిందిగా అత్తా అంది.

ఐదోనెలకి నిజంగానే చేతులెత్తేసే స్థితి వచ్చింది. ఇంకో నాలుగువారాలు గడిస్తే గాని ఫ్యాక్టరీ తెరవరు. మేస్త్రి తన గడియారం అమ్మాడు. తెల్లవారకముందే లేచి కూరగాయల మార్కెట్టుకి బస్తాలు దింపడానికి వెళ్ళేవాడు. అయినా అద్దెకి తక్కువ పడింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన గుండీలక్క ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను, నా మనవడి చొక్కాకి గుండీ వేయించుకుందామని.

"అడగనని మాటిచ్చాను. అయినా అడుగుతున్నా. ఇన్నేళ్ళలో ఎక్కడైనా కాస్త దాచి ఉంచావా? బియ్యం డబ్బాలో గాని, ఎక్కడైనా?"

ఆమె సూది చొక్కాలో గుచ్చి ఆపింది.

"దాచడానికి మిగలాలి కదండీ."

ఆయన తలూపాడు. ఇంట్లో ఎక్కడో ఒక మూల ఆమె చేత్తో దాచిన పైకం ఉంటుందన్న ధీమాతోనే తను ఇన్నేళ్ళూ నిద్రపోయానని, ఏమీ లేకుండానే ఆమె ఏటా ఐదు నెలలు దాటించిందని ఇప్పుడే తెలిసిందని, చాలా నెమ్మదిగా, నేను ఉన్నానన్న సంగతి మరిచిపోయి చెప్పాడు. ఆమె గుండీ వేసి, దారం తెంపి, చొక్కా నాకిచ్చింది. ఆ తర్వాత లేచి, చెప్పులు వేసుకుని, కార్ఖానాకి వెళ్ళి రాబోయే రెండు నెలల కూలిలోంచి కొంత ముందుగా అడిగి తెచ్చింది. అంతవరకు ఆమె ఎవర్నీ అలా అడగలేదు. కార్ఖానా యజమాని ఒక పావుగంట నిలబెట్టి, ఇచ్చాడట. నిలబెట్టినందుకు ఆమెకి కోపం రాలేదు. కాళ్ళు నొప్పి పుట్టాయి, అంతే అంది.

ఆ నాలుగు వారాలూ ఒకపూట గంజితోనే గడిపారు. ఫ్యాక్టరీ తెరిచారు. ఏడాది తిరిగొచ్చింది. మళ్ళీ చాప పరిచినప్పుడు మేస్త్రి నోట్లకట్టని ఆమె ముందు పెట్టబోతే, ఆమె దాన్ని మూడు భాగాలు చేసింది. అద్దె, ఫీజు తను చూస్తానంది. సరుకులు అమ్మాయి. గ్యాసూ మందులూ ఆయన. ఎవరి భాగం వాళ్ళదే, తక్కువపడితే నలుగురూ కలిసి అనుకోవాలి గాని ఒక్కళ్ళ నెత్తిన వెయ్యకూడదని చెప్పింది. ముసలావిడ తనకేం పని లేదా అని అలిగితే, సబ్బు ముక్కల మేజోడు ఆవిడకి అప్పజెప్పారు.

దాంతో ఆ ఇంటికి కలిమి వచ్చిందని చెప్పను. అదే జీతం, అవే ఐదు నెలలు. ఆ ఏడాది ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు తీసేశారు కూడా, అందుకని ఎవరికీ వంతు లేదు. గుండీలక్కకి కంటిచూపు మందగించింది. సూదిలోకి దారం ఎక్కించుకోలేకపోతోందని అమ్మాయి బడికి వెళ్ళేముందు పది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్ళేది. మధ్యాహ్నం నిద్ర మళ్ళీ పోయింది.

నేను మా వాటా ఖాళీ చేసేముందు వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. మాటల్లో ఆ ఏడాది సంగతి వచ్చింది. గడియారం పోయింది, అప్పు అయింది, గంజి తాగారు, ఎందుకమ్మా ఆ పని చేశావని అడిగాను. నిందగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాను. ఆమె చేతిలోని చొక్కా మడత సరిచేసింది.

"రెండు నెలలు పడుకున్నాను వదినగారూ," అంది. "మీకు తెలీదు, ఎంత బాగా నిద్రపట్టిందో."

తర్వాత మూటలోంచి ఇంకో చొక్కా తీసింది.