వరస తిప్పి చూపిన పక్కింటాయన

మా పక్కింటాయన మొన్న మంగళవారం పొద్దున పోయారు. పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలినవారు మళ్లీ లేవలేదట. హోసూరు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూసి రిటైరైన మనిషి. నాకంటే పన్నెండేళ్లు చిన్న. అయినా నాకు గురువు. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు, శిష్యరికం ఎంత కష్టమో ఆయన దగ్గరే తెలిసింది.

సూళగిరి నుంచి రాయకోట దాకా ముసలమ్మల నోట విన్న తెలుగు మాటలు నా నోటుపుస్తకాల్లో వేలకొద్దీ ఉన్నాయి. చెప్పినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. మిగిలినవాళ్లు ఉండగానే పుస్తకం వాళ్ల చేతిలో పెట్టాలని నా ఆరాటం. ఆ మాటల్ని విన్న వరసలోనే ఒక జాబితాగా కూర్చే ప్రోగ్రామ్ రాయడం ఆయనే నేర్పారు, 'ఫంక్షనల్' అనే రకం కంప్యూటర్ భాషలో.

"దీంట్లో ఒకసారి చేసిన జాబితా మారదు టీచరమ్మా. మీ మాదిరే మొండిది" అన్నారు.

మొదటి నూరు మాటలు చిటికెలో చేరాయి. వేలు దాటేసరికి, వంట ముగించి వచ్చినా ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది. చివరికి నా పాత కంప్యూటర్ బిగుసుకుపోయింది. పుస్తకం ఇక కాదనుకున్నాను.

ఆయన వేరుశనక్కాయలు పట్టుకుని వచ్చారు. తినేటప్పుడే ఒక్కో కాయ ఒలుచుకునేవారు. ముందే ఒలిచిపెట్టుకోవడం ఆయన లెక్కలో దండగ.

"కొత్త మాటను యాడ పెడతా ఉండారు?"

"చివర్లో. కొత్తగా వచ్చినోళ్లు వరసలో వెనకే కదప్పా నిలబడల్ల?"

"ఇదేమన్నా ప్రేయర్ లైనా? చివర్లో పెట్టల్లంటే కంప్యూటరు ఒక్కో మాటకీ జాబితా మొదట్నించీ నడిచి, దోవలో ఉండేదంతా మళ్లీ రాసుకుంటా పోతాది. కొత్తదాన్ని ముందర పెట్టండి. అంతా అయినాక వరసను ఒక్కసారి వెనకనించి ముందుకి తిప్పితే సరిపోతాది."

"అయితే నలభై ఏండ్లు నేను తప్పు నేర్పినానా?"

"పిల్లోళ్లకి కాళ్లుండాయమ్మా. నడిచిపోతారు."

కీబోర్డు మాత్రం ముట్టుకోలేదు. "నేను వేలు పెడితే పని అవుతాది, మీకు చదువు రాదు" అనేవారు. తిట్టుకుంటూ నేనే ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు మార్చాను. ఈసారి ఆయన చేతిలోని కాయ ఒలిచేలోగా జాబితా ముగిసింది.

పుస్తకం అచ్చయ్యాక కెలవరపల్లిలో నాకు మాటలు చెప్పిన ఒక అవ్వకు ఇద్దామని ఇద్దరం వెళ్లాం. ఆమెకు చదువు రాదు. ఆయన నేల మీద కూర్చుని ఒక్కో మాటా చదివి వినిపించారు. "అట్ల కాదప్పా, ఇంకా సాగదియ్యి" అని ఆమె దిద్దితే, బుద్ధిగా మళ్లీ పలికారు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. వాళ్లిద్దరూ ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారు.