ఎత్తిన చెయ్యి

దర్జీ అక్క కొలత తీస్తుంటే చంటిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కారు. టేపు మెడకు తగిలీ తగలనట్టు ఉండేది. నిద్రపోతున్న వాళ్లమీద దుప్పటి సర్దుతున్నట్టు కదిలేవి ఆమె చేతులు.

ఆమె కొట్టు పైగదిలో అద్దెకు దిగిన శిల్పికి కావలసింది మాత్రం కొట్టే చేతులు. మొహాలు లేకుండా, ఒళ్లు లేకుండా, గది నిండా గాలిలో ఎత్తిన చేతులు. మనసు దాచిపెట్టింది చెయ్యి దాచలేదని ఆ శిల్పి నమ్మకం. వీధిలో వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, కోపం తెచ్చుకోమని చెప్పి, చేతికి ప్లాస్టర్ పూసేది. ప్లాస్టర్ ఆరేదాకా ఎవరి కోపమూ నిలవలేదు. మాంసం కొట్టు పెద్దాయనకైతే మధ్యలో నవ్వొచ్చి పిడికిలి కాస్తా విచ్చుకుంది.

అక్క చెయ్యెత్తింది. దానికెవరూ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. వేళ్లు దగ్గరికొచ్చి, మణికట్టు వెనక్కి వాలి, ఆ తెల్లని చల్లదనంలో అలాగే నిలిచిపోయింది. శిల్పి మురిసిపోయింది. అక్క మాత్రం చూపు తిప్పేసుకుంది. అమ్మ పోయాక చెల్లిని పెంచింది ఆ చెయ్యే. అన్నం పెట్టింది, జడ వేసింది, కొట్టింది. పెద్దయ్యాక ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

శిల్పి పెట్టిన చేతుల ప్రదర్శన చూడ్డానికి చెల్లి తనంతట తానే వస్తానంది. తన చెయ్యి పోల్చుకోకపోతే చాలని అక్క దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

ప్రదర్శన గదిలో వెలుతురు పల్చని పాలలా ఉంది. చేతులు అందులో తేలుతున్నాయి. పెద్దాయన చేతి దగ్గర చెల్లి ఆగి, "ఈయన కొడుతున్నాడా, బేరమాడుతున్నాడా?" అంది. అక్క చేతిని ఓ చూపు చూసి దాటిపోయింది. అక్క ఊపిరి పీల్చుకుంది.

అంతలో చెప్పు పట్టీ ఊడి చెల్లి అక్కడే, ఆ చేతి కిందే కూర్చుంది. పట్టీ పెట్టుకుని తలెత్తింది. మరి లేవలేదు. ఆమె భుజం తనకు తెలియకుండానే చెవిదాకా ముడుచుకుంది.

"ఇది నీదే కదక్కా."

అక్క తన చేతిని కొంగు చాటుకు తీసుకుంది.

"నుంచుని చూస్తే ఎవరిదో అనుకున్నా," అంది చెల్లి. "చిన్నప్పుడు ఇక్కణ్ణించే చూసేదాన్ని."

అక్క వచ్చి పక్కనే నేలమీద కూర్చుని పైకి చూసింది. చెయ్యి వెనక పైకప్పు కనిపించలేదు.

"ఇంతుండేదా?"

"ఇంకా పెద్దది."

తప్పు చేశానంది అక్క, తనకే సరిగ్గా వినపడనంత మెల్లగా. చెల్లి పర్వాలేదనలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. చూడవచ్చినవాళ్లు ఏటి నీళ్లు రాళ్లను తప్పుకున్నట్టు వాళ్లిద్దరినీ తప్పుకుని పోతున్నారు.

"లేద్దామా?" అంది అక్క.

"ఇంకాసేపు చూడు."


అక్క చూస్తూ కూర్చుంది.