ఆ ఫోటోలో నేను నిలబడ్డ చోటు

చిత్తూరు జిల్లా నగరిలో మా వీధికి పవర్‌లూమ్ మోత ఎంత అలవాటంటే, కరెంటు పోయి మోత ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు మూడు వీధుల అవతల ఉంటున్నాను. ఇక్కడికీ సన్నగా వినబడుతుంది. విన్నప్పుడల్లా ఆ షెడ్డుకు పోవాలనిపిస్తుంది. కేసు పెట్టినదానివి, ఏం మొహం పెట్టుకుని పోతావే అని నన్ను నేనే తిట్టుకుంటాను. అయినా అనిపిస్తుంది. ఏం చేసేది?

పదకొండేళ్ళు అక్కడ కండెలు చుట్టాను. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. షెడ్డు యజమానిని అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచేదాన్ని. రక్తసంబంధమేమీ లేదు. ఆయనకు అక్కచెల్లెళ్ళు లేరు, నాకు అన్నదమ్ములు లేరు, వరస మేమే కలుపుకున్నాం. పది గంటలకు పెరటి తలుపు దగ్గర నిలబడి, అన్ని మగ్గాల మోతనూ మించి వదిన అరిచేది.

"ఏమే, మిషను యాడికీ పోదులే! సంగటి సల్లారిపోతా ఉండాది, రా!"

మిగతా పనివాళ్ళు వసారాలో కూర్చుని క్యారియర్లు విప్పుకునేవాళ్ళు. నేను వంటింట్లో వదిన ఎదురుగా పీట వేసుకుని తినేదాన్ని. "నీకేమమ్మా, ఇంటి ఆడబిడ్డవి" అని ఆడవాళ్ళు ఎత్తిపొడిచేవాళ్ళు. నాకు లోపల ఎంత సంబరమో! సంబరమని సర్దిచెప్పుకుంటున్నాను గానీ, అది పొగరే.

ఆ పొగరు ఎంతదాకా పోయిందో చెబుతాను. శనివారం శనివారం కూలి ఇచ్చేటప్పుడు పనివాళ్ళందరూ పొడుగు నోటుబుక్కులో సంతకం పెట్టాలి. చేరిన కొత్తలో అన్న నా ముందు కూడా ఆ బుక్కు పెట్టాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "వదినా వదినా అని ఇంట్లో తిరిగేదాన్ని, నా దగ్గరా సంతకమా?" అని రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు వదిన మా ఇంటికే వచ్చి లాక్కుపోయింది. అన్న నవ్వుతూ నా ఎదురుగానే బుక్కులో నా పేరు కొట్టేశాడు. "సరేనా పాపా? ఇంక నవ్వు" అన్నాడు. నవ్వాను. అప్పటినుంచి నా కూలి వదినే వంటింట్లో చేతిలో పెట్టేది. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

చెయ్యి విరిగిన రోజు మామూలు రోజే. కండెల మిషను చక్రానికి నూలు చుట్టుకుంది. ఆపి తీయాలి. ఎవరూ ఆపరు, ఆపితే మళ్ళీ మొదటినుంచి దారాలన్నీ ముడివెయ్యాలి. నేనూ తిరుగుతుండగానే చెయ్యి పెట్టాను. బెల్టు నా కుడిచేతిని మణికట్టుదాకా లాక్కుంది. వదిన కేక, స్విచ్చు కట్టేసిన చప్పుడు, ఆ తర్వాత గుర్తున్నది కారులో వదిన ఒడి. "పుత్తూరికి పోనియ్, బిరీన పోనియ్" అని అన్నను తరుముతోంది. ఆసుపత్రి అన్న మాట ముగ్గురిలో ఒక్కరి నోటా రాలేదు. మా వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టే. మా నాయనకూ అంతే, వాళ్ళ నాయనకూ అంతే.

కట్టు కట్టే పెద్దాయన ఎముక సరిచేసి, ఆకు మందు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. మూడు కట్లకు ఎముక చక్కగా అతుక్కుంది. ఆయన చేతిలో తప్పేమీ లేదు. ఆ రెండు నెలలూ వదిన రోజూ వచ్చి నా తల దువ్వింది, కలిపి ముద్దలు పెట్టింది. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత గారాబం నేను ఎప్పుడూ ఎరగను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నొప్పి గుర్తు రాదు, ఆ ముద్దలే గుర్తొస్తాయి.

కట్టు విప్పాక చూస్తే రెండు వేళ్ళు ముడవడం లేదు. తిరుపతిలో పెద్ద డాక్టరుకు చూపిస్తే, బెల్టు లాగినప్పుడే నరం నలిగిపోయిందన్నాడు. దారం ముడి వెయ్యలేని చేతికి కండెల మిషను దగ్గర పనేముంది? కొన్నాళ్ళు అన్న మా ఇంటికి బియ్యం పంపాడు. తర్వాత నూలు ధర పెరిగింది, సగం మగ్గాలు ఆగిపోయాయి, బియ్యమూ ఆగిపోయాయి. అడగడానికి పోతే "సూస్తాంలే పాపా" అనేవాడు. ఆటో తోలే మా ఆయనకు ఒళ్ళు మండింది. "చెల్లెలూ వద్దు, అన్నా వద్దు. పని చేస్తా ఉంటే చెయ్యి పోయింది, పరిహారం ఇయ్యాల" అని యూనియన్ పెద్దాయన దగ్గర అర్జీ రాయించి నాచేత సంతకం పెట్టించాడు. ఎడమచేత్తో పెట్టాను. లేబరాఫీసు నోటీసు వాళ్ళకు అందిన రోజునుంచి వదిన నాతో మాట్లాడలేదు.

చిత్తూరులో లేబరాఫీసులో రుజువులు అడిగారు. ఆసుపత్రి చీటీ లేదు. కూలి బుక్కులో పేరు లేదు. తోటి పనివాళ్ళు, పాపం, పని పోతుందని సాక్ష్యానికి రాలేదు. వాళ్ళను ఏమనగలం? నా దగ్గర ఉన్నదల్లా ఆయుధపూజ నాడు షెడ్డులో తీసిన ఫోటో ఒకటి. మగ్గాలకు పసుపు కుంకుమలు పెట్టి, బొరుగులు పంచి, అందరం నిలబడి తీయించుకున్నది. ఇంతకంటే రుజువేముంటుందని పరుగున తీసుకుపోయి బల్ల మీద పెట్టాను.

అన్న తరఫు వకీలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "సార్, వెనక వరసలో ఒకే రకం చీరల్లో ఉన్నవాళ్ళు పనివాళ్ళు. ముందు యజమాని భార్య. ఆమె భుజం మీద చెయ్యి వేసి, పట్టుచీర కట్టుకుని నిలబడింది ఈమె. కూలిమనిషి అట్లా నిలబడుతుందా సార్?"

ఆఫీసరు, అన్నతో వచ్చి కూర్చున్న వదినను అడిగాడు, ఈమె మీకు ఏమవుతుందని. ఏడాది తర్వాత మొదటిసారి వదిన నా మొహం చూసింది.

"మా ఆడబిడ్డ సార్. నన్ను సూసేదానికి వస్తా ఉండె, పనికి కాదు."

కేసు అక్కడే పోయిందని నాకు తెలుసు. ఆ మాట మోసమనీ తెలుసు. కానీ ఆడబిడ్డ అన్న మాట ఆమె నోట మళ్ళీ విన్నానని నా గుండె ఎగిరి గంతేసింది, ఛీ! ఆ గంతుకే నామీద నాకు కోపం వచ్చింది. ఆఫీసరు "అవునామ్మా?" అనగానే గట్టిగా అరిచాను.

"కాదు సార్! ఆమె నాకేమీ కాదు. నేను ఆ షెడ్డులో కూలిదాన్ని."

వదిన తల దించుకుంది. కొన్ని వారాలకు కాగితం వచ్చింది. యజమాని, కూలి అనే సంబంధం మా మధ్య ఉన్నట్టు రుజువు కాలేదని, అర్జీ కొట్టేశామని.

మా ఆయన ఊరుకోలేదు, పెద్దమనుషులను పట్టుకుని అన్న దగ్గరికి పోయాడు. అన్న వాళ్ళను కూర్చోబెట్టి కాఫీలు ఇప్పించాడట. చివరకు, "ఆఫీసులో ఆ పాప ఒక మాట అనింది కదప్పా, మా ఇంటిది దానికేమీ కాదని. అదే మాట కాణిపాకంలో సామి ముందర సెప్పమను. ఆ పొద్దే పరిహారం ఇచ్చేస్తా" అన్నాడట. కాణిపాకం వినాయకుడు ప్రమాణాల దేవుడు, ఆయన ముందు అబద్ధం ఆడితే శిక్ష తప్పదని మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఆయన ఎగిరినంత పని చేశాడు. "ఆఫీసులో అన్నదే గదే, ఇంకోసారి అనేదానికి నోరు నొప్పా?"

పోయాము. వాళ్ళూ వచ్చారు. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడ్డాను. పక్కన చేతులు కట్టుకుని అన్న, ఆయన వెనక వదిన. చిక్కిపోయింది. జుట్టు తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసినట్టుంది.

"నేను వీళ్ళ షెడ్డులో పదకొండేళ్ళు కూలికి పని చేశాను" అన్నాను. అది నిజం, సులువుగా వచ్చింది.

"ఈమె నాకు" అన్నాను. అక్కడ ఆగిపోయాను. మా ఆయన వెనకనుంచి "సెప్పు, సెప్పు" అంటున్నాడు. ఇంటి అద్దె, మా కూతురి స్కూలు ఫీజు, మళ్ళీ తిరుపతి డాక్టరు, అన్నీ కళ్ళముందు ఉన్నాయి. వెనక క్యూలో వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఎంతసేపు నిలబడ్డానో, చీర కుచ్చిళ్ళనుంచి కారే నీళ్ళు ఆగిపోయాయి.

"నాతో కాదయ్యా" అని మా ఆయనతో చెప్పి, పక్కకు జరిగాను.

మా ఆయన తలపట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. అన్న కళ్ళు తుడుచుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. వదిన నా ముందునుంచే వెళ్ళింది, ఆమె కొంగు నా మోచేతికి తగిలింది. వాళ్ళ కారు కదిలాక, ఒక్కసారి అద్దం దించి చూస్తుందేమోనని మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. చూడలేదు.