రెండు చేతులూ పైకి

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్ళున్నప్పుడు, అనకాపల్లి మొత్తానికి ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళం నలుగురమే ఉండేవాళ్ళం. (ఐదోవాడు ఒకడుండేవాడు గాని, అతనికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదని ఒకరోజు బయటపడటంతో లెక్కలోంచి తీసేశాం. మా నలుగురికీ కూడా తెలియదన్న సంగతి మాత్రం బయటపడకుండా జాగ్రత్తపడ్డాం.) నేను బెల్లం మార్కెట్టు దగ్గర ఒక కొట్లో గుమాస్తాను. మా మేనత్త కొడుకు, బావ, సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. గోలీ అని మేం పిలిచే అతను పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు. పొడుగ్గా ఉన్నాడు కాబట్టి గోల్‌కీపర్ని చేశాం. నాలుగో ఆయన కోచ్. ఆయన జన్మలో బంతిని తన్ని ఎరగడు గాని, టీవీలో చూసి చూసి, ఎవరెక్కడ నిలబడాలో టీ గ్లాసులు బల్లమీద అటూ ఇటూ జరిపి చెప్పేవాడు. టీ కొట్టాయన వచ్చి గ్లాసులు పట్టుకుపోతే మా వ్యూహం అక్కడితో ఆఖరు. మా ఊరికి ఫుట్‌బాల్ తెచ్చిపెట్టే బాధ్యత దేవుడు మా నలుగురి మీదే పెట్టాడని మేం గట్టిగా నమ్మేవాళ్ళం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా వాట్సాప్ గ్రూపులో (ఇప్పుడందులో అరవైమందికి పైగా ఉన్నారు, ఆఫ్‌సైడ్ తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు) ఎవరో ఒక ప్రశ్న పెట్టారు. ఫుట్‌బాల్ కాకుండా మీకు బాగా నచ్చే ఆట ఏది, అస్సలు నచ్చనిది ఏది అని. ఒకరు టెన్నిస్ నచ్చుతుందన్నారు, ఒకరు బాక్సింగన్నారు. నచ్చని ఆట దగ్గరికొచ్చేసరికి సగంమంది క్రికెట్ అని రాసి, అయిదు నిమిషాల తర్వాత ఇంట్లోవాళ్ళకు భయపడి చెరిపేశారు. నేను రెండింటికీ కబడ్డీ అని రాశాను. ఫోను నొక్కడంలో పొరపాటు పడ్డానని అందరూ అనుకున్నారు. పొరపాటు పడ్డ మాట నిజమే, అది ఫోనులో కాదు, పదిహేడేళ్ళ కిందట మా మామయ్యగారి ఊళ్ళో.

ఫుట్‌బాల్ అభిమానికి ప్రేమించడానికి ఫుట్‌బాల్ ఎంత అవసరమో, తిట్టుకోవడానికి ఇంకో ఆట అంతే అవసరం. కోచ్‌కి క్రికెట్ అంటే ఒళ్ళుమంట. (ముఖ్యమైన మ్యాచ్ ఉన్నరోజున మాత్రం ప్రతి పావుగంటకూ పక్క కొట్టుకి అగ్గిపెట్టె కోసం వెళ్ళేవాడు. ఆయన సిగరెట్ కాల్చడు.) నాకు కబడ్డీ అంటే పడేది కాదు. మా అమ్మ తమ్ముడు, ఊరికి అయిదారు కిలోమీటర్ల దూరంలో చెరకు పండించే మామయ్య, ఒకప్పుడు పేరుమోసిన కబడ్డీ ఆటగాడు. నా చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవుల్లోనూ నన్ను దుమ్ములో నిలబెట్టి ఊపిరి తీసుకోకుండా కూత పెట్టమనేవాడు. నేను నీలంగా మారేదాకా పెట్టేవాణ్ణి. ఆ తర్వాత ఆయన కొడుకులిద్దరూ నా మీద పడేవారు. ఆ ఆటలో నాకు తెలిసినదంతా కింద నుంచి చూసినదే. ఆయనకూ ఫుట్‌బాల్ మీద అలాంటి అభిప్రాయమే ఉండేది. "గంటన్నర పరిగెత్తి ఒక్క పాయింటేటిరా. అదీ ఒక్కోసారి ఉండదంటావు. మరెందుకు పరిగెట్టడం?" అనేవాడు. 

మాకు అప్పట్లో బాధ ఒకటే, ఆడుకోవడానికి చోటు లేదు. స్కూలు మైదానంలోకి దిగితే ఏడు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి నడుస్తుండేవి. అయినా మేమేదో తంటాలు పడి ఇటుకలు పెట్టుకుని సాయంకాలాలు ఆడుతుంటే, చూసి చూసి పదిహేనుమంది దాకా చేరారు. అంతలో మా బంతి వెళ్ళి ఒక స్టంపుల జతను పడగొట్టింది. బ్యాటింగ్ చేస్తున్నతను అవుటైనట్టా కానట్టా అని మొదలైన గొడవ మేం ఇక మైదానంలో అడుగుపెట్టకూడదని తేలడంతో ముగిసింది. పదిహేనుమంది వారానికి పదకొండుమంది అయ్యారు, ఇంకో వారానికి ఏడుగురు. మళ్ళీ నలుగురం మిగిలి గ్లాసులు జరుపుకునే రోజు దగ్గర్లోనే ఉందని నాకు దిగులు పట్టుకుంది. గోలీ అయితే చేతి తొడుగులు ఉతికి పెట్టెలో పెట్టేశాడు. ఆ సంగతి చెప్పినప్పుడు అతని గొంతు విని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది మామయ్య గానుగ. చెరకు ఆడి బెల్లం వండే ఆ గానుగ పక్కన, పిప్పి ఆరబెట్టడానికి బల్లపరుపుగా చదును చేసి, కంచె కట్టి, గేటుకి తాళం వేసిన స్థలం ఒకటుంది. బెల్లం సీజను అయిపోతే ఆర్నెల్లు ఖాళీ. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి, కాఫీ తాగి, కుశలప్రశ్నలన్నీ అయిపోయాక (మామయ్య దగ్గర పని ఉంటే గేదె ఆరోగ్యం కూడా అడగాలి) సంగతి బయటపెట్టాను.

"ఇత్తానురా. నాకేటి పోయింది," అన్నాడు మామయ్య. "గాని నాకో పని సేసిపెట్టాల. వచ్చే నెల మన ఊరి తీర్థం. కబడ్డీలో మనోళ్ళు ఆరుగురే ఉన్నారు. ఏడోవోడు భుజం ఇరగ్గొట్టుకున్నాడు. నువ్వు దిగు."

"నాకు రాదు మావా. నీకు తెలుసు కదా."

"పరిగెడతావా లేదా? అది సాలు. కప్పు మనకొచ్చిందనుకో, ఉగాది ఎల్లిన మర్నాడే పిప్పంతా ఎత్తించి తాళం నీ సేతిలో పెడతాను. రాలేదనుకో, మేనల్లుడని సూడను."

మా వైపు జాతరను తీర్థమంటారు. గుర్రాల పరుగు, ఎడ్ల పరుగు, చివర్లో కబడ్డీ ఉంటాయి. ఆ కప్పు మూడేళ్ళుగా మాకవరపాలెం జట్టు పట్టుకుపోతోంది. మామయ్యకు ఆ మూడేళ్ళూ నిద్ర లేదని అత్తయ్య చెప్పింది. అనకాపల్లి వెళ్ళి ఈ సంగతి చెబితే కోచ్ ఒక టీ గ్లాసుని బల్ల చివరిదాకా జరిపి, "శత్రువు ఆట ఆడి మన ఆట కాపాడుకోవాలన్నమాట," అన్నాడు. ఆ గంభీరతకు నాకు ఒళ్ళు జలదరించింది. తీరా సాధన మొదలయ్యాక తెలిసింది, జలదరించాల్సింది వేరే చోట అని.

నాకున్న రోగం మామయ్య మొదటిరోజే కనిపెట్టాడు. ఫుట్‌బాల్లో బంతి చేతికి తగిలితే తప్పు కాబట్టి, ఎవరైనా ఎదురొస్తే నా చేతులు రెండూ వాటంతటవే వీపు వెనక్కి వెళ్ళిపోయేవి. "సేతులేటిరా అలా ఎనక్కెట్టుకున్నావు, పెళ్ళిలో పెద్దమనిసిలాగ," అన్నాడు. పట్టుకోవడం నేర్పడానికి వారం పట్టింది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి, సైకిలు మీద ఊరెళ్ళి, మామయ్య పెద్దకొడుకు కాలు పట్టుకుని వేలాడేవాణ్ణి. మామయ్య నులకమంచం మీద కూర్చుని, పట్టు వదలొద్దని ఒకటే మాట చెప్పేవాడు. "పట్టుకుంటే ఒగ్గకు. ఇంకేటీ నేదు ఈ ఆటలో. పట్టుకుంటే ఒగ్గకు." నా కాళ్ళు మాత్రం ఆయనకు నచ్చాయి. కూతకు వెళ్ళి, ఇటు వెళుతున్నట్టు ఒళ్ళు వంచి, అటు కాలు చాచి బొటనవేలితో తాకి వచ్చేసేవాణ్ణి. అది బంతితో రోజూ చేసే పనే, బంతి లేదంతే. నెల తిరిగేసరికి ఒక వింత జరిగింది. కొట్లో బెల్లం దిమ్మలు తూకం వేస్తూ కూడా నోట్లో కూత పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ ఆట నాకు నచ్చుతోందని కోచ్‌కి చెప్పే ధైర్యం లేకపోయింది.

తీర్థం రోజు ఎండ వాలుతుండగా ఆఖరి ఆట మొదలైంది. అనకాపల్లి నుంచి మావాళ్ళు ముగ్గురూ వచ్చి గీత పక్కనే కూర్చున్నారు. అనుకున్నట్టే ఎదర మాకవరపాలెం. మొదటి సగంలో నా కాళ్ళు నాలుగు పాయింట్లు తెచ్చాయి. "ఎవుడ్రా ఈ గుంటడు, సేతులు ఇంటికాడ ఒగ్గీసొచ్చేడు," అని ఎవరో అంటుంటే మామయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన సంతోషమొస్తే చేసే పని అది. ఆఖరి నిమిషానికి మేం ఒక పాయింటు ముందున్నాం. వాళ్ళ పెద్ద ఆటగాడు, గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాల్సినంత మనిషి, కూతకొచ్చాడు. ఇతన్ని ఆపితే కప్పు మాది, కప్పుతో పాటు గానుగ పక్క స్థలం మాది.

నేను ఆపాను. ఈ మాట మీరు నమ్మాలి. అతను వెనక్కి తిరిగిన క్షణంలో డైవ్ చేసి చీలమండ పట్టుకున్నాను. అంత మనిషీ దభీమని బోర్లా పడ్డాడు. మా జట్టువాళ్ళిద్దరు వచ్చి అతని మీద చేతులేశారు. జనం ఒక్కసారిగా గోలపెట్టారు. నా ఎదురుగా ఒక మనిషి నేలమీద పడి ఉన్నాడు, పడగొట్టింది నేను, పక్కన విజిలు పట్టుకుని రిఫరీ. అంతే. ఇన్నేళ్ళుగా టీవీలో చూసినదీ, మైదానంలో చేసినదీ అంతా ఒక్కసారి ఒంట్లోకి వచ్చేసింది. చీలమండ వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, రిఫరీ వైపు తిరిగి, నేను తాకనైనా లేదన్నట్టు అమాయకంగా మొహం పెట్టాను.

నన్ను చూసి మావాళ్ళిద్దరూ విజిలు పడిందేమో అనుకుని వాళ్ళూ వదిలేశారు. పడినతను మాత్రం కూత ఆపలేదు. పొట్టమీద పాక్కుంటూ వెళ్ళి మధ్యగీత మీద చెయ్యేశాడు. మేం ముగ్గురం అవుట్. రెండు పాయింట్లతో ఓడిపోయాం. నేను ఇంకా చేతులు దించలేదట. గోలీ తర్వాత చెప్పాడు.

మామయ్య మొహం చూడటానికి భయపడి నేల చూస్తూ నిలబడ్డాను. ఇంతలో ఆ పెద్ద ఆటగాడు మోచేతులు గీరుకుపోయి నా దగ్గరకొచ్చాడు. "నాకు దెబ్బ తగిలిందని ఒగ్గీసేవా తమ్ముడూ? నీలాటోడిని ఎక్కడా సూణ్ణేదు," అని కౌగిలించుకున్నాడు. ఆ మాట పట్టుకుని ఊరి పెద్దలు వచ్చారు. కప్పు పోయినా ఊరి పరువు నిలబెట్టావన్నారు. సర్పంచిగారి మెళ్ళోని దండ నా మెళ్ళోకొచ్చింది. (నేను అడ్డుచెప్పలేదు. అప్పుడు చెప్పాల్సింది. దండ బాగుంది.) మామయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. 

ఇంటికి నడుస్తుంటే ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. "మూడేళ్ళు గెలవాలని ఏడిసేనురా. ఈ రోజు ఓడిపోయినా నాకు బాధనేదు. ఉగాది ఎల్లాక తాళం పట్టుకెల్లు," అన్నాడు. నోరు మూసుకుంటే స్థలం దక్కుతుంది. గోలీ చేతి తొడుగులు పెట్టెలోంచి బయటికొస్తాయి. పదడుగులు నడిచాను, పన్నెండడుగులు నడిచాను, ఇక నావల్ల కాలేదు.

"మావా, నేను జాలిపడి వదల్లేదు. ఫుట్‌బాల్లో ఎవడైనా పడితే, మనం పడగొట్టలేదని రెండు చేతులూ ఎత్తుతాం. అలవాటు మీద ఎత్తేసేను."

ఆయన ఆగిపోయాడు. "పడగొట్టినా?"

"పడగొట్టినప్పుడే మావా."

గానుగ దాకా నడిచాం. పొయ్యి మీద పాకం ఉడుకుతోంది. మామయ్య అక్కడ నిలబడి, దండ నా మెళ్ళోంచి తీసి గూటానికి తగిలించి, అన్నాడు. "ఒరే, నాను ముప్పై ఏళ్ళు ఆడేను. మెళ్ళో దండేసినాక ఎవుడూ ఇంత మొహం మాడ్సుకోవడం సూణ్ణేదు, తప్పు సేసి సెయ్యనేదని సేతులెత్తే ఆటా సూణ్ణేదు. అంత దొంగాటేటో నా కళ్ళెదురుగా ఆడండి. నాను సూడాల." నిజం చెప్పినందుకు ఇచ్చాడో, చూడాలనే ఇచ్చాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఉగాది మర్నాడు పిప్పి ఎత్తించాడు. మేం సరుగుడు కర్రలతో గోలుపోస్టులు పాతాం. మొదటి ఆట రోజున నులకమంచం గీత పక్కకు తెచ్చుకుని కూర్చుని, సాయంత్రమంతా అరుస్తూనే ఉన్నాడు. "ఒగ్గకురా, పట్టుకో" అని.

ఇప్పుడా స్థలంలో ఒక పక్క గోలుపోస్టులు, ఒక పక్క కబడ్డీ బరి ఉన్నాయి. సాయంత్రమైతే ఆడపిల్లలూ మగపిల్లలూ రెండూ ఆడతారు. ఏ ఆట గొప్పదని ఎవరూ కొట్టుకోరు, మేం నలుగురం తప్ప. పోయిన ఆదివారం మా అమ్మాయి కబడ్డీ ఆడుతుంటే వెళ్ళాను. దానికి పన్నెండేళ్ళు. దాని కంటే అడుగు పొడుగున్న పిల్ల కూతకొచ్చింది. మా అమ్మాయి చటుక్కున వంగి చీలమండ పట్టుకుంది. ఆ పిల్ల దబ్బున పడింది. జనం గోలపెట్టారు. మా అమ్మాయి వదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, కూత ఆగిపోయేదాకా అలాగే పట్టుకుని ఉంది.

పక్కన మంచం మీద మామయ్య, డెబ్భై దాటినాయన, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అప్పుడు నా వైపు తలెత్తి చూసి, మెల్లిగా అన్నాడు.

"సేతులు దింపురా. ఎవుడూ నిన్నేటీ అన్నేదు."