చీల పెట్టిన చావు

మా తాత జిగ్మంట్‌కు లోకంలో నచ్చిన వస్తువు ఒక్కటే: చీల. కదిలేది, జారేది, పడేది ఏది కనబడినా దానికో ఇనప చీల పెట్టందే ఆయనకు తిండి సహించదు.

మా ఇంట్లో రొట్టెల కత్తికి చీల. ఊగే కుర్చీకి చీల, అందుకని అది ఊగదు. క్రిస్మస్ ముందురోజు వండటానికి తెచ్చిన చేపను స్నానాల తొట్టిలో వదిలితే, దాని మీద కమ్మీల మూత బిగించి ఆ మూతకు రెండు చీలలు పెట్టాడు.

"ఇదెందుకు తాతా?"

"ఎగిరి కిందపడితే దాని తలకు దెబ్బ తగలదుటే?"

"సాయంత్రం ఆ తలే కదా నరకబోతున్నాం!"

"సాయంత్రం మాట సాయంత్రం. అందాకా దాని క్షేమం మనదే."

ఆయన ముప్పై ఏళ్లు డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో, రేకులు అచ్చుగుద్దే ప్రెస్సుల దగ్గర పనిచేశాడు. ఆయన కాపలాలో అక్కడ ఒక్కరి వేలు కూడా పోలేదు. నేనేమో పదో తరగతిలో చదువుకు చీల బిగించేసి బేకరీలో చేరినదాన్ని.

అలాంటి మనిషి దగ్గరికి 1971లో పక్కింటి లెషెక్ వచ్చాడు. డెట్రాయిట్‌ను ఆనుకున్న మా హామ్‌ట్రామిక్ వీధిలోనే వాడు లెషెక్. వేదిక ఎక్కితే 'లార్డ్ వల్చర్', అంటే రాబందు దొర. మొహానికి సున్నం, కళ్ల కింద మసి, వెనక 'మోర్చురీ మ్యాటినీ' అనే రాక్ బృందం. చివరి పాటలో ఘోరంగా చావడం వాడి ప్రత్యేకత. అప్పటిదాకా విషం తాగి చచ్చేవాడు. వెనక వరసలవాళ్లకు సరిగ్గా కనబడేది కాదు.

"తాతా, నా తల నరకడానికి నువ్వో గిలటిన్ చేసిపెట్టాలి."

"దానికేం భాగ్యం నాయనా! ముందు మెడ కొలత ఇవ్వు."

మూడు వారాల్లో తయారైంది. దాన్ని చూసుకునే ఉద్యోగమూ తాతకే ఇచ్చారు. తొమ్మిదడుగుల ఎత్తు, చెక్కకు రేకు అంటించిన తళతళలాడే కత్తి. ముందున్న నల్ల పలక వెనక ఏం జరిగేదీ జనానికి కనబడదు. బుట్టలో మైనపు తల పడుతుంది. అసలు కత్తిని మెడకు పద్దెనిమిది అంగుళాల పైనే రెండు చీలలు ఆపేస్తాయి. పైగా ముసుగు తలారి రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కితేనే కత్తి కదులుతుంది, ఫ్యాక్టరీ ప్రెస్సులాగే.

"తలారి ఒక చెయ్యి పైకెత్తి జనాన్ని బెదిరించాలయ్యా!" అని మేనేజరు డ్వేన్ మొత్తుకున్నాడు.

"రెండో చెయ్యి ఖాళీగా ఉంటే ఎక్కడో ఒకచోట పెడతాడు. అలా పెట్టిన చేతులు తిరిగిరావు," అన్నాడు తాత.

మొదటి ప్రదర్శనకే సంగీత వారపత్రిక రాసింది: 'కత్తి వెంట్రుకవాసిలో ఆగింది. రాబందు దొర చావుతో జూదమాడుతున్నాడు.' డ్వేన్ ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని ఊరంతా చూపించాడు. తాత మాత్రం అది విని కుర్చీలోంచి లేచాడు.

"హాల్కా, కాయితం తియ్యవే!"

ఆయన చెప్పడం, నేను రాయడం. 'ఆర్యా, వెంట్రుకవాసి కాదు. పద్దెనిమిది అంగుళాలు. చీలలు రెండు. ఇట్లు, ఒక నిపుణుడు.'

నా తప్పులు దిద్దుకుని మరీ అచ్చువేశారు. ఇక ఆగేదెవరు? పత్రిక పాము గురించి రాస్తే: 'ఆర్యా, పాము రబ్బరుది. కోరలకు బిరడాలున్నాయి.' ఉరితాడు గురించి రాస్తే: 'ఆర్యా, బరువంతా నడుము పటకా మీదే. పటకాకు చీల.'

డ్వేన్ మా వంటింట్లోకి వచ్చి బల్ల మీద గుద్దాడు. దానికీ చీల ఉంది కాబట్టి బల్ల కదల్లేదు.

"ముసలాయనా, జనం భయపడటానికి టికెట్లు కొంటున్నారు! నువ్వు వాళ్లకు ధైర్యం చెబుతావేం?"

"భయపడమనవయ్యా. బెంగ మాత్రం వద్దను."

ఇంతలో క్లీవ్‌లాండ్ ప్రదర్శనలో లెషెక్ మెడ మీదుగా ఎర్రగా ఏదో కారింది. 'నిజమైన నెత్తురు!' అని వారపత్రిక పతాక శీర్షిక పెట్టింది. అంతే, పై వారం డెట్రాయిట్ ప్రదర్శన టికెట్లు గంటలో అయిపోయాయి. దానికి న్యూయార్క్ నుంచి పెద్ద పత్రిక మనిషిని పంపుతోంది. నచ్చితే ముఖచిత్రమే. లెషెక్ అయిదేళ్లుగా ఆ ముఖచిత్రాన్నే కలవరిస్తున్నాడు.

"ఒక్క వారం నోరు మూసుకో. ఉత్తరం కనబడిందో, నీకూ మాకూ చెల్లు," అన్నాడు డ్వేన్.

"నీకు దణ్ణం పెడతా తాతా," అన్నాడు లెషెక్.

"ఈ వారం చీల నోటికి పెట్టుకో తాతా," అన్నాను నేను. కాయితం తియ్యమంటే తియ్యలేదు.

నా బేకరీ సంచీ చింపి తనే రాసుకుని, మోకాలి లోతు మంచులో నడిచివెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. 'ఆర్యా, అది నెత్తురు కాదు, బీట్‌రూట్ చారు. మా ఇంట్లో కాచిందే. మిగిలింది నేను తాగాను.'

శుక్రవారం అచ్చయింది. శుక్రవారమే తాత ఉద్యోగం ఊడింది.

శనివారం ప్రదర్శన. లెషెక్ గిలటిన్‌లో మెడ పెట్టగానే వెనక నుంచి ఎవడో అరిచాడు: "చీల పెట్టారా?" క్షణంలో హాలంతా "చీల! చీల!" అని హోరు. లెషెక్ ఏం చేస్తాడు? మెడ బయటికి తీశాడు, వంగి చీల చూశాడు, బాగుందని జనానికి బొటనవేలు చూపించాడు, మళ్లీ మెడ లోపల పెట్టి చక్కగా చచ్చాడు. న్యూయార్క్ విలేకరి నవ్వి నవ్వి కళ్లజోడు పోగొట్టుకున్నాడు.

ముఖచిత్రం వచ్చింది! 'అమెరికాలో అత్యంత జాగ్రత్తగా చచ్చే మనిషి.' నెల తిరిగేసరికి కుర్రకారు మెడల్లో గొలుసులు, గొలుసులకు ఇనప చీలలు. లెషెక్ సంతకం గీసిన చీలలను డ్వేన్ పెట్టెల్లో పెట్టి అమ్మాడు. అదంతా తన ఆలోచనేనని చెప్పుకున్నాడు కూడా.

తాతకు ఉద్యోగం తిరిగిచ్చి, శుభవార్త కూడా తెచ్చాడు: "ఆ నిపుణుడి పేరూ ఫోటో కూడా వేస్తామంటోంది న్యూయార్క్ పత్రిక!"

"వద్దు," అన్నాడు తాత.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాను. "ఉద్యోగం పోయినా ఆపలేదు, ఇప్పుడు ఫోటో అంటే సిగ్గా?"

"రొట్టె మాడుతోంది, చూడు పో."

ఒళ్లు మండి పక్కింటికి పోయాను, లెషెక్ తల్లి స్టెఫానియా అత్తకు చెప్పి తిట్టిద్దామని. ఆవిడ కత్తెర పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ముందు పత్రికల ముక్కలు అతికించిన పెద్ద పుస్తకం. కొడుకు ముఖచిత్రం అందులో లేదు. వాడి ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ మా తాత ఉత్తరాలే.

"ఎవరో మహానుభావుడే హాల్కా! 'వెంట్రుకవాసి' అని అచ్చులో చూసిన రోజు నుంచి నాకు కునుకు లేదు. ఏం కాదమ్మా అని మావాడన్నాడు. వాడంతే అంటాడు. మీ తాత కంచె దగ్గర నిలబడి పద్దెనిమిది అంగుళాలని చెయ్యి చాపి చూపించాడు. చేసినవాడు తన సరుకును తనే తిట్టుకుంటాడా? అచ్చులో పడనిది నేను నమ్మనని చెప్పేశా. మరుసటి వారమే ఈ పెద్దమనిషి రాశాడు! ఆ రోజు పగలు మూడింటిదాకా లేవలేదంటే నమ్ము."

"మరి ఆ క్లీవ్‌లాండ్ నెత్తురు?"

"వారం ముద్ద దిగలేదు. శుక్రవారం చదివితే బీట్‌రూట్ చారట! పగలబడి నవ్వాను. అవునూ, ఈయనెవరో నీకేమైనా తెలుసా?"

నా కడుపులో రహస్యం నిలవదని వీధి వీధంతా తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"చికాగో ఆయనట అత్తా. గొప్ప చదువులు. ఇంత తెల్లగడ్డం."

"అనుకున్నాను! చూసి నేర్చుకోమని మీ తాతకు చెప్పు." లోపలికి వెళ్లి, లోపల జామ్ నింపిన వేడి గారెలు పళ్లెం నిండా తెచ్చింది. "అడ్రసు దొరికితే ఆయనకు పంపవే."

తెచ్చి తాత ముందు పెట్టాను. "చికాగో నిపుణుడికట. తెల్లగడ్డం ఆయనకు."

తాత నా వంక అనుమానంగా చూశాడు. ఒకటి కొరికాడు. "గడ్డమెందుకు పెట్టావే?"

"చదువుకున్నవాడిలా ఉండాలని."

నున్నటి చుబుకం నిమురుకుంటూ రెండోది అందుకున్నాడు.

"డ్వేన్‌కు ఫోన్ కొట్టు. నిపుణుడు గడ్డం పెంచుతున్నాడు, ఇప్పట్లో ఫోటో కుదరదని చెప్పు."