ఓడ చెక్కిన సమాధిరాయి

మా ఎదురింటి ఆంటీ మంగళవారం ఉదయం కన్నుమూశారు. "మమ్మీ ఈజ్ గాన్, అక్కా," అని ఆమె కూతురు ఫోన్ చేసింది. కాకినాడ దగ్గర పుట్టి, ఉత్తర అమెరికాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక రాయి.

మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత రాతి చర్చిలో జరుగుతుంది. దాని ఆవరణలోని సమాధుల్లో ఒకదానిమీద తెరచాపలెత్తిన ఓడ చెక్కి ఉంది. ఎప్పుడో ఇంగ్లాండు నుంచి భర్తతో ఓడలో ఇక్కడికి వచ్చి, మొదటి చలికాలంలోనే చనిపోయిన అమ్మాయి సమాధి అది. ఆరాధన కాగానే మేమంతా టీ దగ్గర చేరితే, ఆంటీ నీళ్ల సీసా, మెత్తటి బ్రష్ పట్టుకుని బయటికి వెళ్లేవారు. నేను సబ్బు తెస్తానంటే, "వద్దమ్మా, రాయి పాడవుద్ది. నీళ్లు చాలు," అన్నారు. నాచు తుడిచాక రాయిమీది ఆ పేరు పైకి చదివేవారు. "పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా."

ఒక ఏడాది మంచు కరిగాక రాయి పక్కకి ఒరిగింది. తీసేసి బేస్‌మెంట్‌లో పెట్టేద్దామని చర్చి కమిటీ అనుకుంది. చర్చిని అద్దెకు వాడుకునేవాళ్లం, మనకెందుకన్నారు మా తెలుగువాళ్లు. ఆంటీ నన్ను వెంటబెట్టుకుని మీటింగ్‌కి వెళ్లారు.

"అది పిల్లలమీద పడితే బాధ్యత ఎవరిది?" కమిటీ పెద్దాయన ఇంగ్లీషులో మర్యాదగానే అడిగారు.

"అందుకే గట్టిగా నిలబెడదామంటున్నాను," అన్నారు ఆంటీ అదే భాషలో, తొణక్కుండా. "ఆ అమ్మాయీ నాలాగే కొత్తగా వచ్చింది. నాకిక్కడ ఇల్లు, పిల్లలు, ఉద్యోగం అన్నీ దొరికాయి. తనకి మిగిలింది ఆ రాయొక్కటే."

చివరికి పెద్దాయన, వేసవిదాకా చూద్దామన్నారు.

కారెక్కుతూ ఆంటీ నాతో, "ఒప్పుకున్నట్టే. శనివారాలు ఫ్రీగా ఉంచుకో," అన్నారు.

నిజంగానే ఆ వేసవిలో పాత రాళ్లు బాగుచేసే ఆవిడొకరు వచ్చారు. వద్దన్న మావాళ్లే మట్టి తవ్వారు, కంకర మోశారు. ఆంటీ తెచ్చిన పులిహోర పెద్దాయన మళ్లీ అడిగి పెట్టించుకున్నారు. రాయి నిటారుగా నిలబడ్డాక ఆంటీ రెండడుగులు వెనక్కి వేసి చూసి, "ఇప్పుడు ఓడ సరిగ్గా నీళ్లమీదుంది," అన్నారు.

మనది కాని చోట కూడా మన మాట చెప్పవచ్చని నాకు తెలిసింది ఆమెవల్లనే. ఆఫీసులో నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఆ ధైర్యం ఆమెదే.

శనివారం ఆమెను ఊరి చివర శ్మశానంలో సమాధి చేశాం. వాన పడుతోంది. మేం కీర్తన ఎత్తుకున్నాం. వెనక వరుసలో ఆ పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఒక్క తెలుగు మాటా రాకపోయినా రాగం అందుకుని, తలమీంచి నీళ్లు కారుతుంటే, చివరి చరణందాకా మాతో గొంతు కలుపుతూనే ఉన్నారు.