ఏ కంపెనీదీ కాని గోడ

కిందటి నెల ఒక సాయంత్రం మా వదిన పోయిందని పొదిలి నుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అన్నం తిని, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదట. ఏడ్చాను. ఏడుస్తూనే, మంచాన పడకుండా వెళ్ళిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను. పడి ఉంటే సేవ చేసేవాళ్ళను మాటలతోనే ముందు సాగనంపేది.

ఆవిడ మా అన్నయ్య భార్య. నాకు మనవలు పుట్టాక కూడా నన్ను "అమ్మాయ్" అనడం మానలేదు. వాళ్ళ ఇంటి వీధిగోడ పెద్దది. మా వైపు పెద్ద గోడ కనబడితే పురుగుమందుల కంపెనీవాళ్ళు వదలరు. పత్తికో మిరపకో మందు డబ్బా బొమ్మ వేసి పోతారు. వదిన ఊరికే వెయ్యనిచ్చేది కాదు. "ముందు గోడ మీకు, వెనక గోడకు సున్నం నాకు" అని ఏటా కొట్టించుకునేది.

కొన్నేళ్ళ క్రితం ఆవిడ రొమ్ములో గడ్డ కనబడింది. హైదరాబాదుకు నేను తోడెళ్ళాను. అక్కడ పరీక్ష చేసి, సాయంత్రం రిపోర్టు ఇస్తామన్నారు. భయమేస్తోందని ఆవిడ అనలేదు. "ఇక్కడ కాఫీ బాగాలేదు, పద" అంది. దారీ తెన్నూ లేకుండా సందులన్నీ తిరిగాం. ఒక మలుపు తిరిగేసరికి మేడ గోడ నిండా ఒక ముసలమ్మ ముఖం. ముడతలన్నీ నీలం, చెవి పక్కన పసుపుపచ్చ పత్తిపువ్వు. ఆ వీధిలో ఏ గోడ చూసినా బొమ్మలే.

వదిన పైనుంచి కిందిదాకా పేరు కోసం వెతికింది. కనబడలేదు. నిచ్చెన మీద రంగు వేస్తున్న అమ్మాయిని కేకేసింది.

"ఏ మందు కంపెనీ అమ్మా?"

"కంపెనీ ఏం లేదమ్మమ్మా. ఊరికే వేస్తున్నాం."

"ఇంత గోడా? మరి గోడగలాయన ఏం పుచ్చుకున్నాడు?"

"ఏమీ పుచ్చుకోలేదు. పైగా మాకు టీ పోయించాడు."

"వెర్రిబాగులాడు" అని నాతో అంది కానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. చాలాసేపటికి, ఆ ముసలమ్మనే చూస్తూ, "అమ్మాయ్, రిపోర్టు చెడ్డదైతే మీ అన్నయ్యకు నువ్వే చెప్పు. నావల్ల కాదు" అంది. ఎవరినీ ఏ సాయమూ అడగని మనిషి. సరేనని తలూపాను.

ఆ అవసరం రాలేదు. అది కొవ్వుగడ్డేనని, భయం లేదని డాక్టరు చెప్పాడు. "కొవ్వేనా? ఆ మాట మా ఆయన ఎప్పుడో చెప్పాడు, ఫీజు లేకుండా" అంది వదిన. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది, బస్సెక్కేదాకా వదల్లేదు.

ఆ ఏడు కంపెనీవాళ్ళను తిప్పి పంపేసింది. రంగులు తెప్పించి, ముగ్గు తప్ప ఏదీ వెయ్యని చేత్తో, మిరపపండును ముక్కున కరుచుకున్న చిలకను వేసింది. కోడిలా ఉందన్నాను. "కోడే అనుకో, నీ సొమ్మేం పోయింది?" అంది.

దినానికి వెళ్ళినప్పుడు ఆ గోడ ముందు నిలబడ్డాను. రంగు డబ్బాలు సైకిలుకు తగిలించుకున్న పెయింటరొకడు ఆగి, "ఇది ఏ కంపెనీదమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అరుగు మీద నుంచి అన్నయ్య అన్నాడు: "ఏ కంపెనీదీ కాదయ్యా. మా ఇంటావిడది."

అతను వెలిసిన ఆ చిలకను కాసేపు చూసి, సైకిలు నడిపించుకుంటూ పక్కింటి గోడకు వెళ్ళాడు.